నడిచే పెట్టెకు బొట్టు

“దేవరకొండ బస్సు పోయిందా?”

నార్కట్‌పల్లి జంక్షన్‌లో, హైవే పక్కనున్న టీ హోటల్లో నిలబడి ఏజెంట్ ఎస్తేరు ఈ మాటను గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ అడిగింది. అది కోడ్ వర్డ్. “పోయింది, కానీ సీట్లన్నీ ఖాళీ” అని ఎవరు జవాబిస్తారో వాళ్లే తనవాళ్లు.

“గిప్పుడే పోయిందమ్మా,” అన్నాడు చాయ్ పోసేవాడు.

“ఏడ పోయిందయ్యా, గా లారీ ఎనక ఆగింది సూడు,” అన్నాడు మిర్చి బజ్జీ తింటున్న డ్రైవరు.

“దసరా పండుగనాడు బస్సు కోసం సూస్తే తెల్లారినట్టే. షేర్ ఆటో మాట్లాడుకో చెల్లె,” అంది సంచులు మోస్తున్న ఒకామె.

ఎస్తేరుకు ఒళ్లు మండింది. బస్సులు ఆగే చోట బస్సు గురించే కోడ్ వర్డ్ పెట్టిన ఆ పెద్దమనిషి ఎవరో దొరికితే బాగుండుననిపించింది. తీరా చూస్తే ఆ పెద్దమనిషి మూల టేబుల్ దగ్గరే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. చీఫ్ దశరథ్. స్పెషల్ సెల్ మొత్తం ఆయన చేతి కిందే.

“సీట్లన్నీ ఖాళీ,” అన్నాడాయన తలెత్తకుండానే. “కూర్చో. టైమ్ లేదు. నల్లకొంగ దిగింది.”

నల్లకొంగ అంటే ముఠా. దేశం బయటి మనుషులు. ఎక్కడ వాలితే అక్కడ ఏదో ఒకటి ముంచిగాని లేవరు.

“ఎక్కడ సార్?”

“ఎర్రగుట్ట వాటర్ ప్లాంట్.”

ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెలకు ఇప్పుడు ఎర్రగుట్ట నీళ్లే ఆధారం. గుట్ట దిగగానే మొదట వచ్చేది ఆమె తల్లిగారి ఊరు. ఇంకా పాలు మరవని కూతురు మెర్సీని పొద్దున్నే అక్కడ దింపి వచ్చింది. పాలపొడి డబ్బా, సీసా, గుడ్డలు, అన్నీ సంచిలో సర్ది తల్లి చేతికిచ్చి వచ్చింది. ఆ పాలపొడి కలిపేది నల్లా నీళ్లతోనే.

“టార్గెట్ క్లోరిన్,” అన్నాడు చీఫ్. “ఇవాళ పూజకని మోటార్లు ఆపుతారు. మళ్లీ స్టార్ట్ చేయగానే దూరం నుంచి డోస్ పెంచేస్తారు. మామూలుగా కాదు, విషమయ్యేంత.”

“హారన్ మోగదా?”

“మోగదు. అసలు ప్లాన్ అదే. విను. ప్లాంట్‌లో ప్రతి మోటారు, ప్రతి వాల్వు ఒక నల్లపెట్టెకు కబురు పంపుతుంది. పెట్టెలో లాగింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది వచ్చిన కబురు రాసుకుంటుంది, ప్రమాదమైతే హారన్‌కు అందిస్తుంది. హారన్ మోగితే సేఫ్టీ వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఒంటిగా ఏమీ చేయలేదు. వినడానికో మాడ్యూల్, రాయడానికో మాడ్యూల్, హారన్‌కు పంపడానికో మాడ్యూల్. ఏది లోడ్ చేస్తే ఆ పని వస్తుంది.”

“మిక్సీ లెక్క.”

“ఏమిటి?”

“మోటర్ ఒకటే సార్. చట్నీకి ఒక జార్, పిండికి ఒక జార్. ఏది పెడితే ఆ పని.”

“మిక్సీయే అనుకో,” అన్నాడు చీఫ్ విసుగ్గా. “ఆ మిక్సీకి నల్లకొంగ తన జార్ ఒకటి తగిలించిందని అనుమానం. హెచ్చరిక అన్నది ఏది వచ్చినా ఆ మాడ్యూల్ మింగేస్తుంది. రాతలో పడదు, హారన్‌కు చేరదు.”

“తీసేస్తే అయిపాయె గద.”

“నడుస్తుండగా రాదు. లోడ్ అయిన మాడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఆగేదాకా కదలదు. ఆపాలి, పెన్‌డ్రైవ్ పెట్టాలి, మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ మాడ్యూల్ పేరును పెన్‌డ్రైవ్ చెరిపేస్తుంది. నిన్న పంపించాం, ఎర్రది. భద్రంగా ఉందా?”

“ఉంది సార్.”

ఉండడమైతే ఉంది. పొద్దున ఎస్తేరు చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే మెర్సీ బ్యాగులో చెయ్యి పెట్టి, ఆ పెన్‌డ్రైవ్ మూత పీకి, బిస్కెట్ తింటున్న నోట్లోనే పెట్టుకుని కొత్తగా వచ్చిన పళ్లతో నమిలింది. లాక్కుని తుడిచింది గానీ, అది పనిచేస్తుందో లేదో ఆ దేవునికే తెలియాలి. ఈ ముక్క చీఫ్‌తో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

“ఇంకొకటి,” అన్నాడు చీఫ్ చెయ్యి కడుక్కుంటూ. “లోపల సుస్మిత ఉంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ వేషం. ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన మనిషి. మాడ్యూల్ ఉందని ఆమె ఖాయం చేస్తేనే పెట్టె ఆపాలి. ఊరికే ఆపితే పై నుంచి నాకు అక్షింతలు. రీస్టార్ట్‌కు రాతపూర్వకంగా అనుమతి కావాలి. ఎవరికీ చెప్పొద్దు. ఇంట్లో కూడా.”

“మా అమ్మకు గూడనా?”

“మీ అమ్మకు చెప్తే ఊరికి చెప్పినట్టే.”

అది నిజమే.

ఎర్రగుట్ట చేరేసరికి ఎండ చిటచిటలాడుతోంది. వేషం, పూజ సామాను అమ్మే మనిషి. నెత్తి మీద గంప, గంపలో బంతిపూల దండలు, నిమ్మకాయలు, కుంకుమ పొట్లాలు, వత్తులు, పైన ఒక బూడిద గుమ్మడికాయ. అడుగున ఎర్ర పెన్‌డ్రైవ్. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గ్యాడ్జెట్లు దారిలోనే మొండికేశాయి. చెవి కమ్మలో పెట్టిన వైర్‌లెస్‌కు ఆటోలోనే బ్యాటరీ అయిపోయింది. బొట్టుబిళ్లలో పెట్టిన కెమెరా చెమటకు ఊడి ఎక్కడో పడిపోయింది. రోజూ బొట్టు పెట్టుకునే మనిషైతే ఊడగానే తెలిసేది. ఆదివారం ఆదివారం చర్చికి పోయే ఎస్తేరు నుదురు తడుముకునేసరికి అక్కడేమీ లేదు.

గేటు ముందు నిలబడి తల్లికి ఫోన్ చేసింది. నల్లా నీళ్లు ముట్టొద్దని చెప్పకూడదు, ఆర్డర్. ఇవాళ సీసా నీళ్లు కొని పాలు కలపమంటే ఆర్డర్ తప్పినట్టు కాదు. రింగ్ అయింది. కట్ అయింది. మళ్లీ చేసింది. మళ్లీ కట్. కట్ చేస్తున్నది ఎవరో ఆమెకు తెలుసు. మెర్సీ ఫోన్లో పాటలు చూస్తోంది. పాటకు ఏది అడ్డమొచ్చినా ఎర్ర గుండీ నొక్కడం ఈ మధ్యే నేర్చుకుంది. నేర్పింది ఎస్తేరే.

“గీ పూలు నిన్నటియే కదనే,” అంది ఎవరో వెనక నుంచి.

నెరిసిన జుట్టు, చేతిలో కొబ్బరికాయల సంచి. ప్లాంట్ ఆపరేటర్ సైదులు తల్లి కృష్ణమ్మ. పండుగనాడు కూడా కొడుకుకు డ్యూటీ పడిందని, మిషన్లకు పూజ తానే దగ్గరుండి చేయిద్దామని వచ్చింది.

“ఇయ్యాల తెంపినయే పెద్దమ్మా.”

“ఇయ్యాల తెంపితే గిట్ల తలలేలాడేస్తయా? సరే, నడువు లోపటికి. మోటర్లు శాన ఉన్నయ్, నాకు నడుము వంగదు. దండలు నువ్వే ఎయ్యాలె.”

స్పెషల్ సెల్‌వాళ్లు పేజీలకు పేజీలు రాసిన ఎంట్రీ ప్లాన్ అక్కరకు రాకుండానే ఎస్తేరు కంట్రోల్ రూమ్‌లోకి నడిచింది.

నల్లపెట్టె మూలన ఇనుప జాలీ బోనులో ఉంది. బోనుకు తాళం. తాళంచెవి సైదులు మొలతాడుకు కట్టి ఉంది. పక్కన తెర మీద పచ్చపచ్చని లైన్లు పారుతున్నాయి. తెర ముందు, కుర్చీలో కాలు మీద కాలేసుకుని, నల్లద్దాలు తల మీదికి నెట్టుకుని సుస్మిత. పట్టుచీర, ఎర్ర లిప్‌స్టిక్, గది నిండా సెంటు వాసన, సూదిలాంటి హైహీల్స్.

“తెల్ల బంతిపూలున్నాయా?” అంది సుస్మిత.

“తెల్లయి కల్వకుర్తి అంగట్ల దొరుకుతయ్.”

ఈ కోడ్ వర్డ్ ఒక్కటైనా సరిగ్గా కుదిరింది. సైదులు బాల్టీ తేవడానికి బయటికి పోగానే సుస్మిత గొంతు తగ్గించింది.

“ఆల్ క్లీన్. పొద్దున్నే చెక్ చేశాను. అదనంగా ఏ మాడ్యూలూ లేదు. చూడు, లాగ్‌లో ఒక్క వార్నింగ్ కూడా లేదు. ఇంటికెళ్లిపో ఎస్తేరూ. చిన్నపాప ఉందిగా, పాలు తాగే పిల్ల.”

తన పిల్ల సంగతి ఆఫీసులో చీఫ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సుస్మితను చూడడం ఇదే మొదలు.

అప్పుడే గదిలో లైట్లు ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. నల్లపెట్టె మాత్రం తన బ్యాటరీ మీద గుయ్యిమంటూనే ఉంది. అంతలో మళ్లీ లైట్లు వచ్చాయి.

“పొద్దటి సంది గిదే లొల్లి,” అన్నాడు సైదులు బాల్టీతో లోపలికొస్తూ. “జర గాలి కొడితే చాలు, లైన్ ట్రిప్.”

“లైన్ పోతే గా పెట్టె రాసుకుంటదా అన్నా?” అంది ఎస్తేరు అమాయకంగా.

“ఎందుకు రాసుకోదు? హెచ్చరిక అని ఎర్రగ పడ్తది.” సైదులు తెర వైపు చూశాడు. అన్నీ పచ్చ లైన్లే. “పడలె. పండుగ గద, అది గూడ లీవు పెట్టినట్టుంది.”

అతను నవ్వాడు. సుస్మిత నవ్వలేదు.

మింగే మాడ్యూల్ పెట్టెలో ఉంది. పెట్టింది ఎవరో కూడా తెలిసిపోయింది. ఎస్తేరు మెట్ల మీదికి వచ్చి, సిగ్నల్ దొరికే మూల వెతుక్కుని చీఫ్‌కు చేసింది.

“సార్, సుస్మిత వాళ్ల మనిషి. మాడ్యూల్ ఆమెనే లోడ్ చేసింది.”

“క్లీన్ అని ఆమె రిపోర్ట్ ఇచ్చింది. నీ దగ్గర ఆధారం ఏముంది?”

“ఎర్ర లైను రాలేదు సార్.”

“రానిదాన్ని ఆధారమని ఎట్లా పంపను పైకి?”

“పిల్లలు తాగే నీళ్లు సార్ అవి.”

“అందుకే చెప్తున్నా, అప్లికేషన్ పెట్టు. ప్లాంట్ ఇంజనీర్ ఏఈ సంతకం తీసుకో. నేను ఫార్వర్డ్ చేస్తా.”

ఏఈ సారు కొత్త కారుకు పూజ చేయించడానికి యాదగిరిగుట్టకు పోయాడు. ఫోన్ కారులో పెట్టి గుళ్లోకి పోయాడేమో, అది మోగి మోగి అలిసిపోయింది. ఎస్తేరు మళ్లీ తల్లికి చేసింది. మెర్సీ మళ్లీ కట్ చేసింది. దేశం ఇచ్చిన ఐడీ కార్డు గంపలో ఉంది, కానీ గంపలో పూలకున్న విలువ కూడా దానికి లేదు.

లోపల సైదులు ఒక్కొక్క మోటారును ఆపుతున్నాడు. పొద్దస్తమానం ఉండే హోరు మెల్లమెల్లగా తగ్గి ప్లాంటంతా నిశ్శబ్దమైంది. క్లోరిన్ గది మోటారు కూడా ఆగింది. కృష్ణమ్మ పళ్లెం పట్టుకుని వెనక నడుస్తుంటే, ఎస్తేరు దండలు వేసింది, సైదులు బొట్లు పెట్టాడు. చివరికి బోను దగ్గరికి వచ్చారు. సైదులు తాళం తీయలేదు. కుంకుమ అంటిన వేలును జాలీ సందులోంచి లోపలికి పెట్టబోయాడు.

“దీన్ని బంద్ చేయవా అన్నా?” అంది ఎస్తేరు.

“దీని జోలికి పోవద్దు. పోయిన దసరాకు బంద్ చేస్తే మెమో ఇచ్చిన్రు. నడుస్తుండంగనే బొట్టు పెడ్త.”

“కరెక్ట్,” అంది సుస్మిత. “డోంట్ టచ్ ఇట్.”

తాళంచెవి అతని మొలతాడుకుంది. పిస్తోలు రిపేరుకు పోయి ఇంకా రాలేదు. ఇంక మిగిలింది కృష్ణమ్మ. ఎస్తేరు ఆమె చెవి దగ్గరగా, కానీ అందరికీ వినపడేటట్టుగా అంది:

“పెద్దమ్మా, తెల్వక అడుగుతున్న. మోటర్లన్నిటిని బంద్ పెట్టి పూజ చేసిన్రు. గీ పెట్టె ఒక్కదానికి నడుస్తుండంగనే బొట్టు పెడ్తరా? మీ తాన గట్లనే చేస్తరా?”

కృష్ణమ్మ చేతిలో పళ్లెం ఆగిపోయింది.

“ఏందిర సైదులు? నడిచే నాగలికి బొట్టు పెట్టిన మొగోడు ఉన్నడార మనింట్ల? మీ నాయిన పండుగనాడు కత్తిని గూడ కూసోవెడుతుండె. ఏడాదంత కన్ను మూయకుంట నీకు పనిచేసిన దాన్ని ఒక్క ఘడియ కూసోనియ్యవా?”

“మెమో ఇస్తరే అమ్మా.”

“నాకియ్యమను. పొయిలకు పనికొస్తది.”

“ఆంటీ, అది సిస్టమ్. ఆపకూడదు,” అంది సుస్మిత.

“నేను నీకు ఆంటీ ఎట్లైతనమ్మా? ముందుగాల నువ్వు ఆ చెప్పులిడిసి రా. పూజకాడికి ఎవరన్న చెప్పులేసుకొనొస్తరా?”

సుస్మిత మొహం మాడింది. చెప్పులు విడవలేదు. టక టకమంటూ వరండాలోకి వెళ్లి, గోడకానుకుని, ఒక కాలి చెప్పు మడమను రెండో కాలితో గట్టిగా తొక్కింది. అది సిగ్నల్ అని ఎస్తేరుకు అర్థమైంది. ఎక్కడో సముద్రం అవతల నల్లకొంగ మెడ ఎత్తింది.

సైదులు ఒకసారి గోడ మీది మెమో ఫైలు వైపు చూశాడు, ఒకసారి తల్లి వైపు చూశాడు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. బోను తెరిచి గుండీ నొక్కాడు. నల్లపెట్టె గుయ్యిమనడం మానేసింది.

“దండ నేనేస్త అన్నా,” అంటూ ఎస్తేరు బంతిపూల చాటున పెట్టె వెనక పెన్‌డ్రైవ్ దూర్చింది. సైదులు బొట్టు పెట్టాడు, నిమ్మకాయ పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. తర్వాత మోటార్లు స్టార్ట్ చేసి, పెట్టె గుండీ నొక్కి, దిష్టి తీయడానికి గుమ్మడికాయ ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాడు. కృష్ణమ్మ అతని వెంట పోయింది.

పెన్‌డ్రైవ్ లైటు వెలగలేదు.

మెర్సీ చొంగ. ఇట్లాగే వదిలేస్తే పెట్టె తన పాత జ్ఞాపకంతోనే లేస్తుంది, మింగే మాడ్యూల్‌ను మళ్లీ లోడ్ చేసుకుంటుంది. గోడ మీద క్లోరిన్ మీటరు ముల్లు అప్పుడే కదులుతోంది. బ్లీచింగ్ పౌడర్ వాసన సన్నగా ముక్కుకు తగిలింది. ఆమె గుండీ నొక్కి పెట్టెను ఆపి, పెన్‌డ్రైవ్ బయటికి లాగింది.

“దాన్ని కింద పడెయ్.”

గుమ్మంలో సుస్మిత. చేతిలో లిప్‌స్టిక్.

“ఇది లిప్‌స్టిక్ కాదు.”

“తెలుసు. మాక్కూడ ఇస్తరు,” అంది ఎస్తేరు. “మా దాంట్ల బ్యాటరీ ఉండదు.”

“మీ ఊరికే నీళ్లు ముందు చేరేది, కదూ? మీ అమ్మ ఈపాటికి బిందె పెట్టి ఉంటుంది.”

ఎస్తేరు కళ్ల ముందు పాలసీసా కనిపించింది, దాన్ని రెండు చేతులా పట్టుకుని తాగే చిన్న మూతి కనిపించింది.

“ఇంక చెప్పులిడువలేదా నువ్వు?”

సుస్మిత వెనక కృష్ణమ్మ గొంతు ఖంగుమంది. సుస్మిత ఉలిక్కిపడి అటు తిరిగింది. వెనక్కి వేసిన అడుగు, సైదులు అప్పుడే పగలగొట్టిన గుమ్మడికాయ గుజ్జు మీద పడింది. గుజ్జు, కుంకుమ నీళ్లు, సూదిలాంటి మడమ. పట్టుచీరతో సహా వెల్లకిలా పడింది. లిప్‌స్టిక్‌లోంచి సూది ఒకటి ఎగిరి సీలింగ్ ఫ్యానుకు గుచ్చుకుంది.

“పైలం మేడం,” అన్నాడు సైదులు.

కృష్ణమ్మ వంగదన్న నడుమును వంచి ఆమె కాలి చెప్పు పీకింది. మడమ ఊడి వచ్చింది. “గిదేం చెప్పుర కొడుకా, లోపటంత వైర్లున్నయ్.”

“ఆమెను లేవనియ్యకు పెద్దమ్మా,” అంది ఎస్తేరు.

ఎందుకని కృష్ణమ్మ అడగలేదు. సుస్మిత మీద కూర్చుంది.

ఎస్తేరు గంపలోంచి దీపం వత్తి ఒకటి తీసి, మెలిపెట్టి, పెన్‌డ్రైవ్ మూతిలో తిప్పింది. తడిసిన బిస్కెట్ ముక్క ఒకటి బయటికి వచ్చింది. ఇంకొక పొడి వత్తితో తుడిచింది. దూర్చింది. గుండీ నొక్కింది. ముల్లు పచ్చ దాటి పసుపులోకి వచ్చింది.

పెన్‌డ్రైవ్ లైటు ఎర్రగా వెలిగింది.

తెర మీద లైన్లు ఒకటొకటిగా పడుతున్నాయి. వినే మాడ్యూల్, లోడ్ అయింది. రాసే మాడ్యూల్, లోడ్ అయింది. తర్వాత తెర ఆగింది. పిల్ల మింగుతుందో ఉమ్ముతుందో తెలియని మందు పోసి ఎదురుచూసినట్టు ఎస్తేరు ఎదురుచూసింది. ముల్లు ఎరుపు గీతకు వెంట్రుకవాసిలో ఉంది. హారన్ మాడ్యూల్, లోడ్ అయింది. ఆ కింద ఇంకేమీ రాలేదు. నాలుగో పేరు లేదు.

ముల్లు ఎరుపులోకి పోయింది. తెర మీద మొదటి ఎర్ర లైను పడింది. హారన్ మోగింది. నేల కింద ఎక్కడో సేఫ్టీ వాల్వ్ దబ్బున మూసుకుంది.

“అయ్యో,” అన్నాడు సైదులు చెవులు మూసుకుని. “మళ్ల మెమో.”

సుస్మితను బంతిపూల దండలతోనే కట్టి పోలీసు జీపెక్కించారు. అప్పటికి ఎస్తేరు ఫోన్లో చీఫ్ మెసేజ్ ఉంది: రీస్టార్ట్ అనుమతి పరిశీలనలో ఉంది, అంతవరకు పెట్టెను ముట్టవద్దు. దాన్ని చదువుతుండగానే ఫోన్ మోగింది. తల్లి బిక్షమ్మ. మెర్సీ ఎట్టకేలకు పాటలు వదిలినట్టుంది.

“ఏందే, పొద్దటి సంది గన్నిసార్లు కొట్టినవట?”

“మెర్సీ పాలు తాగిందా అమ్మా?” అంది ఎస్తేరు.

“ఏడ తాగింది? నల్లా ఇప్పుడొస్తది, అప్పుడొస్తదని బిందె పెట్టుకొని కూసున్న. వచ్చినట్టే వచ్చి ఠక్కున బంద్ అయింది. బిందె అడుగు గూడ తడవలె. పిల్ల ఆకలికి ఏడుస్తుంటే పక్కింటోళ్లను సీసా నీళ్లడిగి కలుపుతున్న.”

ఎస్తేరు మెట్ల మీద కూలబడింది. దూరంగా పిల్ల ఏడుపు వినిపిస్తోంది. అంత మంచి ఏడుపు ఆమె ఎప్పుడూ వినలేదు.

“పండుగపూట గూడ నీళ్లిడువనోళ్లు గీ సర్కారోళ్లు ఎందుకున్నట్టే?” అంటోంది బిక్షమ్మ. “నీది గూడ సర్కారు నౌకరే గద. ఒక్క ఫోన్ కొట్టి నల్లా ఇడిపియ్యలేవా?”

“అప్లికేషన్ పెట్టాలెనమ్మా,” అంది ఎస్తేరు. “ఏఈ సంతకం కావాలె.”